మార్చ్‌మాంట్‌లో ఒక బొగ్గుముక్క

ఎడిన్‌బరోలో చదువుకున్న తెలుగువాళ్ళం సంచిక వేస్తున్నామనీ, నా వంతు వ్యాసం పంపమనీ కబురొచ్చినప్పుడు ముందుగా గుర్తొచ్చింది పాత పేపరులో చుట్టిన ఒక బొగ్గుముక్క. మంచు గురించీ, ఇంటద్దెల గురించీ, ప్రాజెక్టు గైడు చివాట్ల గురించీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు.

2008 సెప్టెంబరులో కంప్యూటర్ సైన్సు ఎమ్మెస్సీకి వెళ్ళాను. మెడోస్ మైదానం దాటగానే మార్చ్‌మాంట్‌లో పాత రాతిమేడ, మూడో అంతస్తు. మా కింది ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒంటరిగా ఉండేవారు. హెబ్రిడీస్ దీవుల్లోని లూయిస్ ఆవిడ పుట్టిల్లు. మెట్లు కడిగే వంతు ఎవరిదో తెలిపే అట్టముక్కను వారంవారం ఒకరి తలుపుకి ఒకరు తగిలించేవాళ్ళం. మా పరిచయం ఆ అట్టముక్కతోనే మొదలైంది. డిసెంబరు ఆఖరి వారంలో ఆవిడ మా తలుపు కొట్టి, నా తలకేసి పరీక్షగా చూసి, "బాబూ, ఈ నలుపు నీ జుట్టు అసలు రంగేనా?" అని అడిగారు.

కొత్త సంవత్సరం గంటలు కొట్టాక గడప తొక్కే మొదటి మనిషి నల్లజుట్టు మగవాడైతే ఆ ఇంటికి ఏడాదంతా శుభమని స్కాట్లండులో నమ్మకం. పసుపుజుట్టు వాళ్ళు పనికిరారు. ఒకప్పుడు అలాంటి జుట్టుతో తలుపు తట్టినవాళ్ళు వైకింగ్ దోపిడీదారులు కావడమే కారణమంటారు. వచ్చేవాడు వట్టిచేతులతో రాకూడదు. పొయ్యి ఆరకుండా బొగ్గు, తిండికి లోటు లేకుండా షార్ట్‌బ్రెడ్, ఉల్లాసానికి విస్కీ తేవాలి. మతసంస్కరణ తర్వాత అక్కడి చర్చి క్రిస్మస్‌ను పెద్దగా సాగనివ్వలేదు. 1958 దాకా ఆ రోజు సెలవే లేదు. దాంతో పండగ సరదా అంతా డిసెంబరు 31 రాత్రికి, వాళ్ళ మాటలో హాగ్మనేకి, చేరింది.

మా ఊళ్ళో నేను ఎదురొస్తే మా మేనత్త వెనక్కి తిరిగి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరేది. అలాంటి నన్ను ఏరికోరి మంచి శకునంగా పిలిచిన మనిషికి కాదని ఎలా చెబుతాను?

చిక్కల్లా బొగ్గుతోనే. ఇళ్ళన్నీ గ్యాసుతో వెచ్చబడే నగరంలో ఎక్కడని వెతకాలి? "అది నా దగ్గర ఉందిలే" అని ఆవిడే పొట్లం తెచ్చి చేతిలో పెట్టారు. విప్పితే నిమ్మకాయంత ముక్క. అంచులు అరిగి, నునుపెక్కి, నిగనిగలాడుతోంది. పదిహేనేళ్ళుగా అదే ముక్కట. ఏటా ఎవరో ఒకరికి ముందే ఇచ్చి, అర్ధరాత్రి గడప దగ్గర మళ్ళీ పుచ్చుకుంటారు. గంటలు కొట్టాక కిందికి దిగి తలుపు తట్టాను. ఆవిడ తెరిచారు. అలవాటు కొద్దీ క్షణం ఆగి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళాను. ఆవిడ చూపు నా కాళ్ళ మీద పడింది.

"అదేమిటి, ఆగి కాలు మార్చావు?"

"మా దగ్గర శుభమైన పనికి కుడికాలు పెట్టి రావాలండి."

"ఊఁ" అని ఊరుకున్నారు.

జనవరి 25 కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు. 2009లో అది 250వ జయంతి కావడంతో హడావుడి ఇంకా ఎక్కువ. మేము వెళ్ళిన విందులో బ్యాగ్‌పైపు ముందు నడవగా పళ్ళెంలో హగ్గిస్ ఊరేగింపుగా వచ్చింది. ఒకాయన లేచి, హగ్గిస్‌ను సంబోధిస్తూ బర్న్స్ 1786లో రాసిన పద్యాన్ని దానికే చదివి వినిపించి, కోత ప్రస్తావన వచ్చే చోట కత్తి దించారు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తరిగి, ఓట్స్ ధాన్యం, ఉల్లి, కొవ్వు, మిరియాలు కలిపి, గొర్రె పొట్టలో కూరి ఉడికించిన వంటకం అది. పక్కన మెదిపిన టర్నిప్, బంగాళదుంప. నాతో వచ్చిన మిత్రులు ముఖాలు చిట్లించారు. ఆదివారం బోటికూర తింటూ పెరిగినవాణ్ణి, నాకు అందులో వింతేముంది? రెండోసారి కూడా వడ్డించుకున్నాను. కారం తగ్గింది, అంతే. మన అవధానులెవరైనా ఏటా ఒకసారి గోంగూరను ఎదురుగా పెట్టుకుని దానికి పద్యం చదివితే బాగుండునని అప్పటినుంచీ నా కోరిక.

భోజనాలయ్యాక కేలీ. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ఆ ఉచ్చారణ ఎవరూ ఊహించలేరు. మన 'కేళి'కి చుట్టమేమో అనుకున్నాను గానీ ఏ బంధుత్వమూ లేదు. గేలిక్ భాషలో అసలర్థం ఒకరింటికి ఒకరు వెళ్ళడం. చలిరాత్రుల్లో పొయ్యి చుట్టూ చేరి కథలు, పాటలు చెప్పుకోవడం. నగరాల్లో అది ఆటగా స్థిరపడింది. అకార్డియన్, ఫిడేలు మోగుతుంటే ఒకరు మైకులో అడుగులు చెబుతారు. 'స్ట్రిప్ ద విల్లో' అనే ఆటలో మగవాళ్ళ వరుస, ఆడవాళ్ళ వరుస ఎదురెదురుగా నిలబడతాయి. మొదటి జంట చేతులు పెనవేసి పదహారు లెక్కలు గిర్రున తిరుగుతుంది. ఆపైన వాళ్ళలో ఒకరు ఎదుటి వరుసలోని ఒక్కొక్కరితో ఎడమచెయ్యి కలిపి తిరుగుతూ, మధ్యమధ్య తన జత దగ్గరికి వచ్చి కుడిచెయ్యి కలిపి తిరుగుతూ, కిందిదాకా పోవాలి. నేను రెండో మనిషి దగ్గరే తప్పాను. తప్పినవాణ్ణి ఎవరూ పక్కకు తప్పించరు. ఎక్కడినుంచో ఒక చెయ్యి వచ్చి మోచెయ్యి దొరకబుచ్చుకుని సరైన దిక్కుకు విసిరేస్తుంది. డెబ్బై ఏళ్ళావిడ ఒకరు విసిరిన ఊపుకు మర్నాడు నాకు భుజం పట్టేసింది. గోడవార కుర్చీలు నాలుగే ఉన్నాయి, అవీ కోట్లు పెట్టుకోవడానికి. మన కళాశాలల్లో కోలాటమంటే వేదిక మీద ఎనిమిదిమంది, కింద కూర్చుని చూసేవాళ్ళు ఐదువందలమంది.

అక్కడి మగవాళ్ళు నడుముకి చుట్టుకునే గళ్ళ ఉన్నిబట్ట, కిల్టు, సంగతి ఎక్కువ రాయను. రాయల్ మైలు వీధి దుకాణాల్లో ఇంటిపేరు చెబితే మీ వంశం గళ్ళు ఇవేనని చూపిస్తారు. కలోడెన్ యుద్ధంలో హైలాండ్ తిరుగుబాటుదారులు ఓడిన తర్వాత 1746 నాటి చట్టం హైలాండ్ దుస్తులను నిషేధించింది. 1782లో అది రద్దయింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ దగ్గరుండి జరిపించిన వేడుకలతో గళ్ళబట్టకు దేశమంతటా గిరాకీ పెరిగింది. వంశానికొక గళ్ళ లెక్క చాలావరకు ఆ కాలంలో కుదిరిందే. నేను అద్దెకు తెచ్చుకున్న కిల్టు ఏ వంశానిదో తెలియదు, ఉన్ని గీరుకుంటుందని మాత్రం తెలుసు.

లైబ్రరీకి వెళ్ళే దారిలో, జార్జి స్క్వేర్‌లో, స్కాటిష్ అధ్యయనాల విభాగం ఉండేదని మనలో ఎంతమంది గమనించారో. 1951లో మొదలైంది. కాలమ్ మక్లీన్, హేమిష్ హెండర్సన్ వంటివారు రికార్డింగు యంత్రాలు మోసుకుంటూ దీవుల్లోని గుడిసెలకూ, సంచారజాతుల గుడారాలకూ వెళ్ళి పాటలు, కథలు పట్టుకొచ్చారు. క్యాన్సరుతో ఒక చెయ్యి తీసేశాక కూడా మక్లీన్ 1960లో చనిపోయేదాకా ఆ పని మానలేదు. ఆ రికార్డుల్లో నేను విన్నది ట్వీడ్ బట్ట బాదే పాట. తడిపిన ఉన్నిబట్టను ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని లయగా బాదుతూ పక్కవాళ్ళకు అందిస్తారు, అదీ పొద్దు తిరిగే దిక్కుకే, మనం ప్రదక్షిణం చేసే దిక్కుకు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అర్థం లేని పల్లవి అందుకుంటారు. మా అమ్మమ్మ దంపుళ్ళ పాటల్లో 'సువ్వి సువ్వి' చేసిన పని సరిగ్గా అదే. మా ఇంట్లోనూ టేప్ రికార్డర్ ఉండేది. సినిమా పాటలకే సరిపోయింది.

ఆ పాట సంగతి చెబితే కింది ఇంటి పెద్దావిడ, "అవి దక్షిణ దీవుల వాళ్ళవి. మావి కీర్తనలు" అన్నారు. ఒకసారి పాడి వినిపించారు. చర్చిలో ఒకరు పంక్తి అందిస్తే జనమంతా, వాద్యమేదీ లేకుండా, ఎవరి గమకం వాళ్ళు వేసుకుంటూ సాగదీస్తారట. ఆదివారం దేవుడి రోజు, పనులు చేయకూడదని ఆవిడ పెరట్లో బట్టలు ఆరేయరు. ఆ సంగతి తెలియక నేను ఆరేస్తే ఏమీ అనకుండా కిటికీ తెర లాగేసుకునేవారు. 2009 జులై 19న లూయిస్‌లోని స్టోర్నోవే రేవు నుంచి మొట్టమొదటిసారి ఆదివారం ఓడ నడిచినప్పుడు రోజంతా టీవీ పెట్టలేదు.

స్టోర్నోవే ఆవిడ ఊరే. ఆ పేరు వినగానే నాకు కైఫీయతులు తట్టాయి. 1754 ప్రాంతంలో అక్కడ పుట్టిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీయే కదా కైఫీయతులనే మన గ్రామాల చరిత్రలు రాయించి, తాళపత్రాలు, శాసనాల నకళ్ళు పోగుచేయించింది. "మీ ఊరాయన మా ఊళ్ళ కథలన్నీ రాయించుకున్నాడండి" అన్నాను.

"రాయించినాయన సరే, రాసినవాళ్ళ పేర్లేమిటి?"

కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అని చెప్పాను. రెండుసార్లు పలికించుకుని, మూడోసారి తనే పలికారు.

ఆగస్టులో నేను బయలుదేరేటప్పుడు ఆవిడ బెంగంతా బొగ్గు గురించే. నా గదిలోకి కొట్టాయం కుర్రాడు వస్తున్నాడనీ, వాడి జుట్టు నాకంటే నలుపనీ హామీ ఇచ్చాను. 2010 జనవరి మొదటి వారంలో ఫోను చేసి, వాడు వచ్చాడా అని అడిగాను.

"వచ్చాడు, మంచి పిల్లాడు. కానీ ఎడమకాలు పెట్టబోయాడు. వెనక్కి పంపి, మళ్ళీ తలుపు కొట్టించాను."