ధర పెరగని దేశంలో నా పదేళ్లు

2015లో ఉద్యోగం మీద టోక్యో వచ్చి, నిషికసాయిలో ఇల్లు తీసుకున్నాను. మరుసటి ఏప్రిల్‌లో టీవీలో ఒక ప్రకటన చూసి కంగారు పడ్డాను. ఒక కంపెనీ పెద్దలు, సిబ్బంది బారులు తీరి నిలబడి, ఒక్కసారిగా తలలు వంచి క్షమాపణ చెబుతున్నారు. ఏదో ఘోరం జరిగిందనుకున్నాను. విషయం ఏమిటంటే, గారిగారికున్ అనే పుల్ల ఐస్ ధర 60 యెన్ల నుంచి 70కి పెరిగింది, అదీ 25 ఏళ్ల తర్వాత.

మా తెనాలిలో కందిపప్పు ధర పెరిగితే ప్రభుత్వాన్ని తిడతారు. ఇక్కడేమో ధరలు ఏటా 2 శాతం పెరగాలని కేంద్ర బ్యాంకే 2013లో లక్ష్యం పెట్టుకుంది. పెరగడం లేదని అప్పట్లో మథనపడేది. ధర పెరగకపోతే జనానికి మంచిదే కదా? ఈ ఒక్క ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

మొదట పుస్తకాలు పట్టాను. డాలరు విలువ దించడానికి పెద్ద దేశాలు చేసుకున్న 1985 ప్లాజా ఒప్పందంతో యెన్ బలపడటం, వడ్డీ తగ్గించడం, భూములకూ షేర్లకూ రెక్కలు రావడం, 1989 డిసెంబరు చివర ఇక్కడి షేర్ల సూచీ నిక్కీ 38,915 తాకి కుప్పకూలడం, భూమి తాకట్టు మీద అప్పులు చేసిన కంపెనీలు ఏళ్లతరబడి వాటిని తీర్చుకుంటూ గడపడం. కథ తెలిసింది, ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

జవాబు ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన దగ్గర దొరికింది. ఆయన 90ల చివర్లో చదువు ముగించారు. ఆ రోజుల్ని ఇక్కడ ‘షూషోకు హ్యోగాకి’ అంటారు, అంటే ఉద్యోగాల మంచుయుగం. పర్మనెంటు ఉద్యోగం దొరక్క ఆయన చాలా ఏళ్లు కాంట్రాక్టు మీదే నెట్టుకొచ్చారు.

“పుల్ల ఐస్ ధర పెరగలేదంటే, దాన్ని చేసేవాళ్ల జీతమూ పెరగలేదనే కదండీ” అన్నారాయన. “ధర పెంచితే కొనేవాళ్లు పోతారని కంపెనీ భయం. అందుకని జీతం పెంచదు. జీతం పెరగదని తెలిసి మేం ఖర్చు పెట్టం. పెళ్లి చేసుకుందామనుకునేసరికి నాకు నలభై దాటింది.”

అప్పటిదాకా వేరే కాగితాల్లో చదివిన జనాభా లెక్కలు, ఈ ధరల కథ ఒకటేనని అప్పుడు తట్టింది. 2024లో ఈ దేశంలో పుట్టిన జపాన్ పిల్లలు 7 లక్షల లోపే. జనంలో దాదాపు 29 శాతం 65 దాటినవారు. పన్ను కట్టే చేతులు తగ్గుతున్నాయి, పెన్షను అందుకునే చేతులు పెరుగుతున్నాయి.

ఆ సాయంత్రం పాస్‌బుక్ మరోసారి చూశాను. దాచిన 10 లక్షల యెన్లకు ఆరు నెలల వడ్డీ 5 యెన్లు. అప్పట్లో వడ్డీ రేటు 0.001 శాతం. అంతకుముందు అచ్చుతప్పేమో అనుకున్న అంకె అది.

తర్వాత దెబ్బ నాకే తగిలింది. 2022 నుంచి అమెరికా వడ్డీ పెంచుకుంటూ పోయింది, జపాన్ మైనస్ 0.1 శాతం దగ్గరే ఆగింది, ఎక్కువ వడ్డీ కోసం డబ్బు డాలర్ల వైపు మళ్లి యెన్ జారిపోయింది. 2016 మధ్యలో లక్ష యెన్లు పంపితే 65 వేల రూపాయల దాకా చేరేవి. 2024 జులైలో 52 వేలే. నాన్న ఫోన్ చేసి, “ఏరా, జీతం కోశారా?” అని అడిగారు. జీతం యెన్లలో అంతే ఉందని నచ్చజెప్పడానికి అరగంట పట్టింది.

మరి గబగబా వడ్డీ పెంచవచ్చు కదా? ప్రభుత్వ అప్పు దేశ వార్షికోత్పత్తికి రెండింతలకు పైనే. వడ్డీ పెరిగితే ఖజానా మీద భారం. ఇళ్ల అప్పుల్లో ఎక్కువ భాగం మారే వడ్డీవి, మధ్యతరగతికీ భారమే. పెంచకపోతే దిగుమతయ్యే గ్యాసు, గోధుమ మండిపోతాయి. కేంద్ర బ్యాంకు 2024 మార్చిలో 17 ఏళ్ల తర్వాత తొలిసారి వడ్డీ పెంచి, 2025 జనవరికి అరశాతం చేరింది. ఆ జంకు నాకిప్పుడు పిరికితనంగా కనిపించడం లేదు.

2025 మే నెలలో బియ్యం 5 కిలోలు 4,200 యెన్లు దాటింది, ముందటేడాదికి రెట్టింపు. వరి మాగాణి మధ్య పెరిగిన నాకు ఇది మింగుడుపడలేదు. ధర పడిపోకుండా వరి సాగు తగ్గించమని ఇక్కడి ప్రభుత్వం రైతులకు దశాబ్దాల పాటు డబ్బిచ్చింది. 2023 ఎండలకు పంట నాణ్యత దెబ్బతినేసరికి ఆ లోటు బయటపడింది.

ఆ రోజుల్లోనే దుకాణంలో మా పై అంతస్తు పెద్దావిడ కనిపించారు. 5 కిలోల సంచి పట్టుకుని ధర చూసి, మళ్లీ అరలో పెట్టి, 2 కిలోలది తీసుకున్నారు.

“మీ దేశంలో కూడా ఇలా పెరుగుతాయా?” అని అడిగారు.

“పెరుగుతాయండీ. మా నాన్న రిటైరైన టీచరు. ధరలు పెరిగితే ఆయన పెన్షనుకు కరువు భత్యం కలుస్తుంది.”

“మాకు ధరల కంటే తక్కువే పెరుగుతుంది” అన్నారామె. నిజమే. పిల్లలు తగ్గి, వృద్ధులు పెరిగేకొద్దీ పెన్షను పెంపును కుదించే పద్ధతి 2004 సంస్కరణలోనే ఉంది. ధరలు కదలని ఏళ్లలో అది పెద్దగా అమలు కాలేదు. ఇప్పుడు అమలవుతోంది.

ఆమె సంచి నేను అందుకున్నాను. రెండు అంతస్తులు ఎక్కేలోపు, చిన్నప్పుడు పుల్ల ఐస్ ఎంతకు కొనేవారో చెబుతూ వచ్చారు.