ఫాంటమ్ కట్ట విప్పిన రోజు

శనివారం, విశాఖపట్నం

పొద్దుటి నుంచీ ముసురు. కిటికీ ఊచలే చెమర్చాయి, ఇంక అటక మీది ఇంద్రజాల్ కామిక్స్, ఆ ఫాంటమ్ బొమ్మల కథల పుస్తకాల సంగతి చెప్పాలా! కట్ట దించి విప్పగానే ఆ వాసన. ఎండుగడ్డిలా, కాస్త వనిల్లాలా. న్యూస్‌ప్రింట్‌లోని లిగ్నిన్ అనే కలప పదార్థం విరిగిపోతూ వదిలే వాసన అది. వేసవి సెలవుల్ని గుర్తుకు తెచ్చేది కాగితం చివికిపోతున్న వాసనే అని తెలిసినా, ముక్కు దగ్గర పెట్టుకోకుండా ఉండలేం.

1964 మార్చిలో 'ది ఫాంటమ్స్ బెల్ట్'తో మొదలై 1990 దాకా నడిచిన వరస ఇది. అమెరికన్ రచయిత లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్ గాల్లో ఎగరడు, గుండు తగిలితే చస్తాడు. తండ్రి పోతే కొడుకు అదే ముసుగు తొడుక్కుంటాడు, అందుకే అడవి జనం కంట్లో చావులేనివాడు. ఆ గుట్టు చదివే పిల్లలకి తెలుసు, కథలో దొంగలకి తెలీదు. ఆ పుస్తకాల పట్టంతా అక్కడే ఉంది.

ఈ ఊళ్ళో వీటికి మొదటి శత్రువు పేజీల్ని కలిపి పట్టే స్టేపుల్ పిన్ను. ఉప్పుగాలికి తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తుంది. పట్టకారుతో లాగకూడదు, తుప్పుకి అతుక్కున్న ముక్క కూడా ఊడొస్తుంది. మధ్య పేజీ తెరిచి, పిన్ను కాళ్ళ కింద పల్చటి అట్టముక్క దూర్చి, మొండి చాకుతో ఒక్కో కాలూ నిటారుగా లేపాలి. తర్వాత తిరగేసి వీపు వైపు నుంచి మెల్లగా తియ్యాలి. అవే కన్నాల్లోంచి రంగు వెయ్యని నూలుదారం దూర్చి లోపలి వైపు వదులుగా ముడెయ్యాలి. బిగిస్తే కన్నం చిరుగుతుంది.

చిరుగులకి సెల్లోటేపు మాత్రం వద్దు. కొన్నేళ్ళకి జిగురు పచ్చబడి అవతలి పేజీకి దిగుతుంది, ఆ మరక ఇక పోదు. బూజు పట్టినదాన్ని తడిగుడ్డతో తుడిస్తే రంగుల్లోకి పులుముకుంటుంది. నీడలో, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరాక, ముక్కుకి మాస్కు కట్టుకుని మెత్తటి కుంచెతో బయట దులపాలి. ఎండలో పెట్టారో, అట్ట మీది ఎరుపు వెలిసిపోతుంది.

పురుగు కనబడ్డ రెండు పుస్తకాలూ గాలి చొరకుండా కవర్లో కట్టి డీప్ ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి, రెండు వారాలు. బయటికి తీశాక ఒక రోజు కవరు విప్పకూడదు, చల్లటి కాగితం మీద నీరు పడుతుంది.

ఒక అట్ట మీద అద్దె పుస్తకాల షాపు ఊదారంగు ముద్ర, లోపల పజిల్‌లో ఎవరో బాల్‌పెన్నుతో నింపిన గళ్ళు. వాటిని ముట్టుకోలేదు. అవీ పుస్తకంలో భాగమే.

సాయంత్రానికి ఎనిమిది పూర్తయ్యాయి. పాలీప్రొపిలీన్ కవర్లు, వెనక ఆమ్లం లేని అట్ట, గోడకి జానెడు దూరంలో నిలువుగా పెట్టిన డబ్బా. లోపల తేమ పీల్చే సిలికా జెల్ సంచులు నాలుగు. గింజలు నారింజ నుంచి ఆకుపచ్చకి తిరిగితే మార్చాలి. రాత్రి పడుకోబోయే ముందు చూస్తే రెండు అప్పుడే తిరిగాయి.