గ్రాసియాస్ అంటే ‘ఇక చాలు’

దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో, ఫ్రాయ్ బెంతోస్ అనే ఊళ్లో ఉద్యోగంలో చేరిన మూడో రోజు. రాత్రి షిఫ్టు. ప్రయోగశాలలో నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఆయన ఒక చిన్న సొరబుర్ర నా చేతికిచ్చాడు. బుర్రలో పచ్చటి ఆకుపొడి, దాని మీద వేడినీళ్లు, మధ్యలో గుచ్చిన లోహపు గొట్టం. దాన్ని మాతే అంటారు. గొట్టంతో పీల్చి తాగాను. ఎండుగడ్డి, వేపాకు కలిపి కషాయం కాచినట్టుంది. అయినా మర్యాద తప్పకూడదు కదా! నవ్వుతూ బుర్ర వెనక్కి ఇచ్చి, అప్పటికి నాకు ధైర్యంగా వచ్చిన ఒకే ఒక్క స్పానిష్ మాట అన్నాను: ‘‘గ్రాసియాస్.’’

ఆయన తల ఊపాడు. తెల్లవారేలోగా ఆ బుర్ర గదిలో ఐదారు చుట్లు తిరిగింది. నా దగ్గరకు మాత్రం రాలేదు. మర్నాడు మళ్లీ ఒకసారి ఇచ్చారు, నేను మళ్లీ గ్రాసియాస్ అన్నాను, బుర్ర మళ్లీ నన్ను దాటిపోయింది. మనసు చివుక్కుమంది. ఇంత దూరం వచ్చి పంక్తిలో వేరే విస్తరి వేయించుకున్నానా అనుకుంటూ వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. చివరికి ఇంగ్లీషు తెలిసిన అమ్మాయి ఒకతె నవ్వాపుకోలేక అసలు సంగతి చెప్పింది. మాతే బుర్ర తిరిగి ఇస్తూ గ్రాసియాస్ అన్నామంటే అది ధన్యవాదం కాదు. ‘ఇక చాలు, నాకు పోయకండి’ అని చెప్పడం. ఇంకా కావాలంటే ఏమీ అనకుండా ఇచ్చేయాలి.

మన ఇళ్లలో అమ్మ అన్నం వడ్డిస్తే ఎవరైనా ధన్యవాదాలు చెబుతారా? విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం, అంతే. పుట్టుకతో తెలిసిన పద్ధతినే, పరాయి దేశం కదా అని పక్కన పెట్టి, లేని మర్యాద వెలగబెట్టాను.

మాది రాయగడ. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కొండవారితో నాలుగు కువి ముక్కలు, రైలెక్కితే హిందీ. నాన్న కాగితపు మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. జామాయిల్ దుంగల లారీలు, సరుగుడు లారీలు వరుసగా నిలబడే రోడ్డు పక్కనే నేను సైకిలు నేర్చుకున్నాను. గాలి మళ్లినప్పుడు కుళ్లిన క్యాబేజీ వాసన వచ్చేది. చుట్టాలు ముక్కు మూసుకునేవారు. మాకైతే రెండు రోజులు ఆ వాసన రాకపోతే మిల్లు ఆగిపోయిందేమోనని కంగారు.

నేను రసాయనశాస్త్రం చదివి మిల్లు ప్రయోగశాలలోనే ఆరేళ్లు పనిచేశాను. చెక్కముక్కల్ని క్షారంలో ఉడికించి గుజ్జు చేస్తే మిగిలే నల్లటి చిక్కటి ద్రవాన్ని బ్లాక్ లిక్కర్ అంటారు. దాన్ని చిక్కబరచి, బాయిలర్‌లో కాల్చి, ఆవిరి పుట్టించి, రసాయనాలను తిరిగి రాబట్టుకుంటారు. గుజ్జు మిల్లుకు గుండెకాయ అదే. ఉరుగ్వేలో ఒక మిల్లుకు రసాయనాలు సరఫరా చేసే సంస్థ నుంచి రెండేళ్ల ఒప్పందం మీద ఉద్యోగం వచ్చినప్పుడు, ఇంట్లో ఈ పని గురించే చెబుతున్నాను. నానమ్మ అంతా విని, ‘‘ఆడపిల్లవి, దేశం కాని దేశంలో లిక్కర్ కాచే పనేమిటే?’’ అంది. నాన్న ఎంత వివరించినా, వీధిలో మాత్రం ఆ మాటే నిలిచిపోయింది.

రాయగడలో రైలెక్కి విశాఖ; అక్కడి నుంచి ఢిల్లీ, ఐరోపాలో ఒక విమానాశ్రయం, సావో పావ్లో, మోంతెవిదేవో. ఆ పైన నాలుగున్నర గంటల బస్సు. కిటికీలోంచి చూస్తే పచ్చిక, ఆవులు, మళ్లీ పచ్చిక, మళ్లీ ఆవులు. ఆ దేశంలో మనుషులు దాదాపు 35 లక్షలు. పశువులు కోటికి పైనే. తరువాత హఠాత్తుగా జామాయిల్ తోటలు వచ్చాయి, గీత గీసినట్టు వరసలు. అప్పుడు మొదటిసారి ఊపిరి తేలికైంది. ఊరు దగ్గరపడుతుంటే గాలిలో సన్నగా అదే కుళ్లిన క్యాబేజీ. బస్సులో అందరూ నిద్రపోతున్నారు. నేనొక్కదాన్నే కళ్లు తుడుచుకున్నాను. ఆ వాసనకు ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఊరి జనాభా సుమారు పాతిక వేలు. ఉరుగ్వే నది ఒడ్డున ఉంటుంది. అవతలి ఒడ్డు అర్జెంటీనా. సూర్యుడు రోజూ పరాయి దేశంలోనే అస్తమించేవాడు. సాయంత్రమైతే ఊరంతా చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర పట్టుకుని, మడత కుర్చీలతో నది ఒడ్డున చేరేది.

అద్దె ఇల్లు దొరకడం కష్టమైంది. నేను అడిగిన చోటల్లా స్థానికుల హామీ కావాలన్నారు. చివరికి రిటైరైన బడి పంతులమ్మ ఒకావిడ తన పెరటి గది ఇచ్చారు. ఊళ్లో అందరూ ఆవిడను ‘మాయెస్త్రా’ అనే పిలుస్తారు. మన మేస్త్రి అనే మాట ఆ కుటుంబానిదే. పోర్చుగీసువాళ్ల ద్వారా మనకొచ్చింది. మాకు మేస్త్రి అంటే ఇల్లు కట్టించేవాడని చెబితే ఆవిడ తెగ సంబరపడి, పిల్లల్ని కట్టడం మాత్రం తక్కువ పనా అన్నారు. ఆనాటి నుంచి నా లెక్కలో ఆవిడ మేస్త్రమ్మ. తువ్వాలును అక్కడ తొవాయ్య అంటారు, దాదాపు తొవాష్షలా పలుకుతారు. అల్మారా అర్మారియో. బొత్తాము బొతోన్. అన్నిటికన్నా అనాస! స్పెయిన్‌లో దానికి వేరే పేరున్నా, ఉరుగ్వేలో అనానా అనే అంటారు. పళ్ల దుకాణంలో ఆ మాట వినగానే, తప్పిపోయిన చుట్టం కనిపించినట్టు పండు కొనేశాను. ఇల్లు చేరాక ధర చూసుకుని గుండె పట్టుకున్నాను.

మాటలు కాదు, మన్ననలు నన్ను తిప్పలు పెట్టాయి. ఒడియాలో తు, తుమే, ఆపణ అని మూడు మెట్లు. తెలుగులో రెండే అయినా, గారు, అండి కలిస్తే లెక్క తేలదు. అక్కడ నా పైఅధికారిని పేరు పెట్టి ‘వోస్’ అనాలి. అంటే నువ్వు. ప్రయోగశాల తుడిచే ఆవిడా ఆయనను నువ్వనే అంటుంది, ఆయనా ఆవిడను అలాగే అంటాడు. పుస్తకంలో నేర్చుకున్న ‘ఉస్తేద్’తో మేస్త్రమ్మను పలకరిస్తే, ‘‘నేనంత ముసలిదాన్నా?’’ అని కోప్పడ్డారు. నువ్వనడానికి నాలుక తిరిగింది కానీ, అన్న ప్రతిసారీ లోపల నాన్న తలెత్తి చూసినట్టుండేది. ఇదంతా సమానత్వమని పొగడను. జీతాల్లో ఉన్న తేడాలు నాకు తెలుసు. కాకపోతే అధికారి గదిలోకి వెళ్లేటప్పుడు భుజాలు వంచుకునే అలవాటు ఆర్నెల్లలో పోయింది. ఇక్కడికి తిరిగి వచ్చాక అది మళ్లీ వచ్చింది, వారంలో.

తిండి గురించి అందరూ అడుగుతారు. గొడ్డుమాంసం మీద పుట్టిన ఊరది. 1865లో లండన్‌లో పెట్టిన లీబిగ్ కంపెనీ, మాంసాన్ని ఉడికించి సారం తీసే కర్మాగారాన్ని అక్కడే నడిపింది. తరువాత ఆంగ్లో అనే పేరుతో 1979 దాకా నడిచింది. ఆ డబ్బా మాంసం ప్రపంచ యుద్ధాల్లో సైనికుల కడుపులు నింపింది. ఇప్పుడది మ్యూజియం, 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. లోపల ఆ పేరు చూసి ఆగిపోయాను. డిగ్రీ మొదటి ఏడాదిలో గాజు గొట్టం పగలగొట్టి జరిమానా కట్టానే, ఆ లీబిగ్ కండెన్సర్ పేరులోని రసాయన శాస్త్రవేత్త లీబిగే ఈయన! మా కాలేజీ ప్రయోగశాలకూ ఈ పశువధశాలకూ ఒక్కడే పెద్దమనిషి.

మా ఇంట్లో చేప, కోడి తప్ప తినం. నిప్పుల మీద మాంసం కాల్చుకునే ఆదివారాల్లో నా కోసం బుంగమిరప సగానికి కోసి, అందులో గుడ్డు కొట్టి, జాలీ మీద పెట్టేవారు. ప్రతినెలా 29న బంగాళాదుంపతో చేసిన ‘న్యోకీ’ ఉండలు తినాలి. కంచం కింద నోటు పెడితే డబ్బు నిలుస్తుందట. ఆ ఆచారం నాకు వెంటనే నచ్చింది. వాన పడితే ‘తోర్త ఫ్రిత’. అచ్చం మన పూరీ, మధ్యలో చిల్లు. మొదటి వానకు మేస్త్రమ్మ చేసినవి ఐదు తిని, ఆ రుచిని అమ్మకు ఫోనులో వర్ణించాను. రెండో వానకు వంటింట్లోకి వెళ్లి చూద్దును కదా, బాణలిలో కరుగుతున్నది నూనె కాదు, ఆవు కొవ్వు. ఏమీ మాట్లాడలేకపోయాను. ఆవిడ నా మొహం చూసి గ్రహించి, పొయ్యి కట్టేసి, వానలోనే గొడుగు వేసుకుని వెళ్లి పొద్దుతిరుగుడు నూనె సీసా తెచ్చారు. తిన్న ఐదింటి సంగతి అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ రాత చదివితే తెలుస్తుంది.

అది హాయైన ఊరని నేనూ అంటాను. అయితే ఎదురుచూసేది మనం కానంతవరకే. మధ్యాహ్నం దుకాణాలు మూసి నాలుగింటి దాకా తెరవరు. జూలై చలిలో నా గదిలో వేడినీళ్ల ట్యాంకు పాడైతే, బాగుచేసే ఆయన పదకొండు రోజులు ‘మాన్యానా’ అన్నాడు. మాన్యానా అంటే రేపు. ‘‘త్రాంకీలా’’ అన్నాడు, అంటే నెమ్మదించమని. చన్నీళ్ల స్నానం చేసేవాళ్లకు నెమ్మది ఎక్కడినుంచి వస్తుంది? రాయగడ ఆఫీసుల్లో రేపు రండి అంటే మనల్ని వదిలించుకోవడం. ఈయన మాత్రం ప్రతి మాన్యానాకూ నిజంగానే వచ్చి, ఇంట్లో కూర్చుని, మాతే తాగి, ట్యాంకును చూసి జాలిపడి వెళ్లేవాడు. ఏది నయమో నేను తేల్చలేదు. మిల్లుకు మాత్రం మధ్యాహ్నపు నిద్ర లేదు. చెక్కలో నారల్ని అంటించి ఉంచే పదార్థం లిగ్నిన్. గుజ్జులో అది ఎంత మిగిలిందో రెండు గంటలకోసారి చూసి, ఆ లెక్కను తెలిపే కప్పా సంఖ్య చెప్పాలి. అది ఎక్కువైతే తెల్లబరిచే రసాయనం ఎక్కువ తాగుతుంది. నది ఒడ్డున అంత తీరికగా కనిపించే మనుషులే ఆ సంఖ్య దగ్గర ఒక్క నిమిషం ఆలస్యాన్ని సహించేవారు కాదు.

ఆ మిల్లు కోసం రెండు దేశాలు కొట్లాడుకున్నాయి. 2007లో అది మొదలవకముందే నది పాడవుతుందని అవతలి ఒడ్డువాళ్లు వంతెనకు అడ్డంగా కూర్చున్నారు. 2010 దాకా లేవలేదు. అంతర్జాతీయ న్యాయస్థానం, అర్జెంటీనాకు ముందుగా చెప్పకపోవడం ఉరుగ్వే తప్పేననీ, నదిని పాడుచేసినట్టు మాత్రం రుజువు కాలేదనీ తీర్పిచ్చింది. మేస్త్రమ్మ చెల్లెలు అవతల ఉంటారు. ఎదురుగా కనబడే ఒడ్డుకు ఆ రోజుల్లో ఇంకో వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేవారట. కోటియా ఊళ్ల కోసం ఆంధ్ర, ఒడిశా పోట్లాడుకోవడం చూసినదాన్ని; ఆ కథ చెబితే ఆవిడ నమ్మలేదు. ఒకే దేశంలో కూడా సరిహద్దు తగాదాలా అన్నారు.

ఒకసారి జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్తే, ఫారంలో రెండు ఇంటిపేర్లు అడిగారు. అక్కడ అందరికీ తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి ఉంటాయి. నాకు ఒకటే ఉందంటే గుమాస్తా నావైపు జాలిగా చూసి, ‘‘మీ అమ్మకు లేదా?’’ అంది. ఎందుకు లేదు! ఇండియా ఎనిమిదిన్నర గంటలు ముందుంటుంది. ఉదయం పదయితే ఇంట్లో సాయంత్రం ఆరున్నర. ఫోను చేశాను.

‘‘అమ్మా, మీ పుట్టింటివాళ్ల పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారు?’’

‘‘గేదెలనా? ఎందుకే, ఏదైనా సంబంధమా?’’

‘‘కాదమ్మా, నా పేరు చివర రాస్తారట.’’

కాసేపు అవతల చప్పుడు లేదు. తరువాత ఒక్కో అక్షరం రెండుసార్లు చెప్పింది. పెళ్లయి పార్వతీపురం నుంచి వచ్చాక ముప్పై నాలుగేళ్లలో ఆ పేరు ఎవరూ అడగలేదట. కౌంటరు దగ్గర గుమాస్తా పూర్తి పేరు పిలిచినప్పుడు, చివరన గేదెల ‘హెదెల’ అయింది. అమ్మకు ఆ సంగతి కూడా చెప్పలేదు.

ఒప్పందం ముగిసి మొన్న మాఘంలో వచ్చేశాను. పెట్టెలో రెండు కిలోల మాతే ఆకు, మేస్త్రమ్మ ఇచ్చిన సొరబుర్ర. నానమ్మ వాసన చూసి, దూరంగా పెట్టమంది. నాన్న ఒక గుక్క తాగి, కుడితిలా ఉందని చెప్పి పేపరులో తల దూర్చారు. అమ్మ మొహం చిట్లించుకుంటూనే, గొట్టం గురగురమనేదాకా తాగింది. తాగి, ఏమీ అనకుండా బుర్ర నా చేతికిచ్చింది.

నేను మళ్లీ నీళ్లు పోసి ఇచ్చాను.