గాల్వే వెళితే ఆ రాత్రికి అక్కడే ఉండండి

డబ్లిన్‌లో ఉండే మనవాళ్లలో చాలామంది ఐర్లండ్ పడమటి తీరంలోని గాల్వేని ఒకే తీరుగా చూస్తారు. తెల్లారకుండానే టూర్ బస్సెక్కడం, మొహెర్ కొండచరియలు చూడటం, తిరుగుదారిలో గాల్వేలో కాసేపు దిగి ఫొటోలు తీసుకోవడం, రాత్రికి ఇంటికి చేరడం. కాకినాడ నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు నేను అలా వద్దనుకున్నాను. నాన్నకి మోకాళ్ల నొప్పులు, రోజంతా బస్సులో కూర్చోలేరు. పైగా సముద్రం పక్కనే పుట్టి పెరిగిన మనిషి. అలాంటాయన్ని సముద్రం ఉన్న ఊరికి తీసుకెళ్లి, సాయంత్రం కాకముందే బస్సెక్కించడం నాకు మనసొప్పలేదు.

ముందు తేలాల్సింది తేదీలు. జూలైలో గాల్వేలో ఆర్ట్స్ ఫెస్టివల్ జరుగుతుంది. అది అయ్యాక, జూలై చివర్లో బాలీబ్రిట్‌లో వారం రోజులు గుర్రప్పందాలు మొదలవుతాయి. ఆ రోజుల్లో గదులు దొరకడమే కష్టం, దొరికినా రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది. అందుకే జూన్ మొదట్లో వెళ్లాం. వర్షం ఎప్పుడైనా పడుతుంది కాబట్టి దాని కోసం నెల మార్చుకోనక్కర్లేదు. గొడుగు మాత్రం వద్దు, అక్కడి గాలికి నిలవదు. టోపీ ఉన్న రెయిన్‌కోటు కొనుక్కోండి.

బస విషయంలో రెండు దారులున్నాయి. రైలు దిగగానే పక్కనే ఐర్ స్క్వేర్ వస్తుంది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ వచ్చి ప్రసంగించింది అక్కడే. దాని చుట్టుపక్కల హోటళ్లు, హాస్టళ్లు బోలెడు. అన్నిటికీ నడిచిపోవచ్చు. కుర్రాళ్లకైతే నేనూ అదే చెబుతాను. కానీ క్వే స్ట్రీట్ వైపు గది తీసుకుంటే అర్ధరాత్రి దాటినా పబ్బుల సందడి తగ్గదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా ఓటు సాల్ట్‌హిల్‌కే. ఊరి మధ్య నుంచి నడిస్తే అరగంట పైనే పడుతుంది, సిటీ బస్సు కూడా ఉంది. సముద్రం ఒడ్డునే నడకదారి, ఆ చుట్టుపక్కల వీధుల్లో ఇళ్లలోనే నడిపే బీ అండ్ బీలు, అంటే పడకా పొద్దున టిఫినూ ఇచ్చే బసలు.

బుక్ చేసేముందు ఫోన్ చేసి కింది అంతస్తులో గది ఉందా అని అడగండి. ఈ ఇళ్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు, మెట్లు ఇరుకు. మాకు కింది గదే దొరకడంతో సగం టెన్షన్ తీరిపోయింది. ఇంకో సంగతి. బాత్‌రూమ్‌లో పైకప్పు నుంచి ఒక తాడు వేలాడుతుంటుంది. దాన్ని లాగితేనే షవర్‌కి కరెంటు వస్తుంది. మన పెద్దవాళ్లకి ఇది ముందే చూపించాలి.

ఇక తిండి. అమ్మ చేప, కోడి, మేక తింటుంది గానీ గొడ్డు, పంది ముట్టదు. శనివారం అసలు నీసే ముట్టదు. ఐర్లండ్‌లో మెనూ మీద ప్రతి వంటకం పక్కనా చిన్నచిన్న అంకెలు కనిపిస్తాయి. అవి అలర్జీలున్నవాళ్ల కోసం. గుడ్డు, చేప, రొయ్య, పాలు వంటి 14 రకాల్లో ఏవి కలిశాయో రాసి చూపించడం అక్కడ తప్పనిసరి. శనివారం ఆ అంకెలు మాకు ఎంత పనికొచ్చాయో! కానీ గొడ్డు, పంది ఆ 14లో లేవు. వాటి గురించి నోరు తెరిచి అడగాల్సిందే.

సీఫుడ్ చౌడర్ అని క్రీమ్ వేసి చిక్కగా చేసే చేపల సూప్ ఉంటుంది, గోధుమరంగు సోడా బ్రెడ్‌తో ఇస్తారు. చాలా బాగుంటుంది, కానీ కొన్నిచోట్ల అందులో బేకన్, అంటే పంది మాంసం ముక్కలు వేస్తారు. స్ట్యూ పేరులో గిన్నెస్ (అక్కడి నల్ల బీరు) ఉంటే అది గొడ్డు మాంసమే అనుకోండి. ఐరిష్ స్ట్యూ మామూలుగా గొర్రె మాంసంతో చేస్తారు. చిప్స్ కూడా కొన్ని పాత దుకాణాల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు. పొద్దున టిఫిన్‌లో సాసేజ్‌లు, రాషర్లు (బేకన్ ముక్కలు), సాసేజ్‌లాంటి పుడ్డింగులు అన్నీ పందివే, బ్లాక్ పుడ్డింగ్‌లో రక్తం కూడా కలుపుతారు. మేము దిగిన బీ అండ్ బీ నడిపే ఆవిడకి ముందురోజు రాత్రే చెప్పాను. మర్నాడు అమ్మకి వేరే పెనం మీద పుట్టగొడుగులు, టమాటా చేసి, బీన్స్, టోస్ట్‌తో పెట్టారు. ఆవిడకి ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

శుక్రవారం సాయంత్రం క్వే స్ట్రీట్‌లోని మెక్‌డొనాస్‌కి వెళ్లాం. 1902 నుంచీ ఉన్న దుకాణం. ఒకవైపు కౌంటర్ దగ్గర కొనుక్కుని తినొచ్చు, రెండోవైపు కూర్చుని తినే రెస్టారెంట్. నాన్న కాడ్ చేప తీసుకున్నారు. పైనున్న కరకరలాడే పిండిపొరని ఫోర్కుతో విప్పి, లోపల తెల్లగా రేకులు రేకులుగా విడిపోతున్న చేపని అటూ ఇటూ కదిపి చూసి, "ముల్లే లేదేంట్రా!" అన్నారు. ఉప్పు, వెనిగర్ చల్లుకుని ప్లేటు ఖాళీ చేశారు. కారం లేదన్నమాట ఒక్కసారే అన్నారు.

శనివారం అదృష్టం కొద్దీ సంత ఉంది. 1320 నాటి సెయింట్ నికొలస్ చర్చి పక్క సందులో జున్ను, రొట్టె, కూరగాయలు, వేడివేడి తిండి అమ్ముతారు. ఫలాఫెల్ చూడగానే అమ్మ "ఇవి శనగ వడలే కదా" అని ధైర్యంగా తినేసింది. మధ్యాహ్నం టిగ్ కోలీ అనే పబ్‌లో ఫిడేలు వాయిస్తున్నారు. పబ్ అనేసరికి అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల తనకంటే పెద్దావిడ టీ తాగుతూ వింటోంది. అమ్మా వచ్చి కూర్చుంది. అక్కణ్నుంచి స్పానిష్ ఆర్చ్ అనే పాత రాతి కమాను, దాని ఎదుట నీళ్లలో హంసలు, అవతల ఒకప్పటి జాలరిపేట క్లాడా. అంతా మెల్లగా నడిచే దూరమే.

రాత్రి భోజనం సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. జూన్‌లో పది దాకా వెలుతురు ఉంటుంది, కానీ చాలాచోట్ల తొమ్మిదికల్లా వంటగది మూసేస్తారు. మేము ఏడింటికే తినేసి సాల్ట్‌హిల్ ఒడ్డున నడిచాం. ఆ దారి చివర గోడని కాలితో తన్ని వెనక్కి తిరగడం ఊరివాళ్ల అలవాటు. నాన్న మోకాలి నొప్పితోనే మెల్లగా అక్కడిదాకా వచ్చి, నా భుజం పట్టుకుని మరీ తన్నారు.

రైలు టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో సీటుతో సహా తీసుకోండి. డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్ నుంచి దాదాపు రెండున్నర గంటలు. మీవాళ్లు యూరప్ టూర్‌తో కలిపి రావాలనుకుంటే, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఐర్లండ్‌లో చెల్లదు, దీనికి విడిగా అప్లై చేసుకోవాలి. గుల్లలు ఇష్టమైతే సెప్టెంబర్లో వెళ్లండి, ఆయిస్టర్ ఫెస్టివల్ అప్పుడే. ఆ వారాంతానికి గదులు చాలా ముందే చూసుకోవాలి.