అరికాలి పులిపిరి, హాస్టల్ స్నానాల గది

ఎడమ అరికాలిలో, మడమకు కాస్త పైన, మినపగింజంత గట్టి మచ్చ వచ్చింది. అడుగు వేస్తే లోపల ఏదో గుచ్చుకున్నట్టు ఉండేది. అమీర్‌పేటలో మా హాస్టల్ ఎదురుగా ఉన్న మందుల దుకాణంలో చూపిస్తే ఆనెకాయ అన్నారు, కార్న్ క్యాప్ పట్టీ ఇచ్చారు. పట్టీ వేసినప్పుడల్లా తోలు తెల్లగా నాని ఊడేది, కింద మళ్లీ అదే గట్టిదనం. కొన్నాళ్లకు దాని పక్కనే మరో రెండు చిన్నవి మొలిచాయి. ఆనెకాయలు ఇలా పాకవు కదా అని అనుమానం వచ్చి చర్మవ్యాధుల వైద్యురాలి దగ్గరకు వెళ్లాను.

ఆవిడ బ్లేడుతో పైపొర పలచగా గీకి, భూతద్దం నా చేతికే ఇచ్చి చూడమన్నారు. లోపల చిన్న చిన్న నల్లచుక్కలు. అవి మురికి కాదట, గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. అరికాలి మీద ఉండే గీతలు మచ్చ అంచు దాకా వచ్చి పక్కకు తప్పుకుని పోతున్నాయి. ఆనెకాయ అయితే గీతలు దాని మీదుగానే సాగుతాయి, పైనుంచి నొక్కితే నొప్పి పుడుతుంది. పులిపిరిని రెండు పక్కల నుంచి వేళ్లతో పట్టి నొక్కితే ప్రాణం పోయినంత పని అవుతుంది. ఆవిడ అలా నొక్కగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది పులిపిరి అమ్మా. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది" అన్నారు.

ఆ పేరు వినగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పటివరకు ఆ పేరు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి చదివినప్పుడే తెలుసు. ఆవిడ ఓపికగా చెప్పారు. హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. అరికాళ్లకు వచ్చేవి ఎక్కువగా 1, 2, 4 రకాలు. ఇవి చర్మంలోనే ఉంటాయి, క్యాన్సర్‌గా మారే బాపతు కాదు. ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణమయ్యేవి 16, 18 రకాలు. అవి లైంగిక సంబంధంలో చర్మానికి చర్మం తగలడం వల్ల సోకుతాయి.

మరి నాకు ఎక్కడ అంటుకుంది? కచ్చితంగా చెప్పలేమన్నారు. సోకిన కొన్ని నెలలకు గానీ పులిపిరి బయటపడదు. కానీ మా అంతస్తు స్నానాల గది తలచుకుంటే నాకు సందేహం లేదు. తెల్లవారుజాము నుంచి ఆఫీసు వేళ దాకా ఆ నేల ఆరదు. తూము దగ్గర వెంట్రుకలు అడ్డుపడి నీళ్లు పాదాల ఎత్తున నిలిచేవి. కిటికీ గట్టు మీద కాళ్లు రుద్దుకునే రాయి ఒకటి ఎప్పుడూ ఉండేది. ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు, అందరూ దానితోనే రుద్దుకునేవాళ్లం. నానిన తోలులో కంటికి కనిపించని గీరు ఒకటి ఉంటే ఈ వైరస్‌కు చాలు. పైగా దీని చుట్టూ కొవ్వు పొర ఉండదు కాబట్టి నేల మీద, రాయి మీద చాలాకాలం నిలవగలదు. చేతికి రాసుకునే శానిటైజర్‌కు అంత తేలిగ్గా లొంగదు. బ్లీచింగ్ నీళ్లతో కడిగి, నేలను ఆరనివ్వాలి.

చికిత్సకు ఓపిక కావాలి. రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్లలో కాలు నానబెట్టి, చచ్చిన తోలును ఆకురాయితో తీసి, సాలిసిలిక్ యాసిడ్ మందు పూసి, పైన ప్లాస్టర్ వేసుకునేదాన్ని. చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం ఇది ఇంట్లో సొంతంగా చేయకూడదని, వారికి పాదాల మీద పుండ్లు త్వరగా మానవని ఆవిడ గట్టిగా చెప్పారు. రెండు మూడు వారాలకోసారి ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించేవారు. మైనస్ 196 డిగ్రీల చల్లదనం తగిలితే మొదట మంట, తర్వాత రాత్రంతా పోటు. బొబ్బ లేచి, ఆఫీసు మెట్లు మునివేళ్ల మీద ఎక్కిన రోజులున్నాయి. ఈ వైరస్ రక్తంలోకి రాకుండా పైచర్మంలోనే దాక్కుంటుంది కాబట్టి శరీరం దాన్ని ఆలస్యంగా గుర్తిస్తుంది. చల్లదనం చేసిన ఆ గాయంతో రోగనిరోధక శక్తి కూడా అటు తిరుగుతుందని వైద్యురాలు చెప్పాక నొప్పిని ఓర్చుకోవడం కొంత తేలికైంది. వేసవి దాటాక ఒక రోజు భూతద్దంలో చూస్తే నల్లచుక్కలు లేవు. గీతలు ఆ చోటి మీదుగా తిన్నగా సాగుతున్నాయి. నయమైనట్టు గుర్తు అదే.

ఈలోగా హాస్టల్‌లో ఒక పుకారు పాకింది, కమోడ్ మీద కూర్చుంటే క్యాన్సర్ వస్తుందని. క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ రకాలు సోకడానికి కమోడ్ అసలు మార్గం కాదని, వాటికి అడ్డుకట్ట టీకా అని గదిగదికీ వెళ్లి చెప్పాను. నా గదిలో ఉండే అమ్మాయిది ఖమ్మం జిల్లా, వయసు 22. "మా వైపు ఆ సూది వేస్తే పిల్లలు చనిపోయారటక్కా" అంది. 2009లో అక్కడ ఆడపిల్లలకు ప్రయోగాత్మకంగా టీకాలు వేశారు, మరణాల వార్తలతో 2010లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరు తప్పని తేలింది. ఎందరో పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. తల్లిదండ్రులను అడగకుండా చేసిన ఆ పని వల్ల ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక చదువుకున్న పిల్ల భయపడుతోంది. అది నాకు నిజంగా బాధ కలిగించింది. అందుకే నేను బలవంతం చేయలేదు, నా వైద్యురాలి దగ్గరకే తీసుకువెళ్లాను. తన ప్రశ్నలన్నీ తనే అడిగింది. ఇప్పుడు మన దేశంలో తయారైన సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకా మొదటి డోసు వేయించుకుంది. ఈ టీకా 15 ఏళ్లు, ఆపై వారికి మూడు డోసులు, 9 నుంచి 14 ఏళ్ల వారికి రెండు.

హాస్టల్ ఆంటీ తూము బాగు చేయించారు, ఆ రాయిని పారేశారు. ఎవరి చెప్పులు వారివి, ఎవరి తువ్వాలు వారిది. ఇక మిగిలింది మా అమ్మ. ఆమెది టీకా వయసు కాదు, పరీక్ష వయసు. 30 దాటిన ఆడవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముఖద్వారానికి ఎసిటిక్ యాసిడ్ పూసి చూసే పరీక్ష ఉంది. "నాకేం లేదు, నాకెందుకే" అని అమ్మ చాలాకాలం దాటవేసింది. చివరికి పిన్నిని తోడిచ్చి పంపాను. ఇద్దరూ చేయించుకుని వచ్చారు, ఐదేళ్ల తర్వాత మళ్లీ రమ్మన్నారట.