పెరుంగాయం అమ్మ

మా మేనకోడలి పెళ్లి చీరల కోసం నేను, మా మరదలు, పెళ్లికూతురు ఒంగోలులో పినాకిని ఎక్కి మద్రాసు వెళ్లాం. పనగల్ పార్కు చుట్టూ రెండు రోజులు తిరిగాం. ఎన్ని చీరలు విప్పించామో, ఎన్ని మడత పెట్టించామో ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఒక ఇంగువ డబ్బా.

నాకు గోధుమ పడదు. కొన్నేళ్లపాటు హిమోగ్లోబిన్ 8 దగ్గరే ఆగిపోయింది, ఐరన్ బిళ్లలు డబ్బాలకు డబ్బాలు మింగినా కదల్లేదు. చివరికి ఒక డాక్టరు గారు రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేయించి సీలియాక్ అని తేల్చారు. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది లోపలికి వెళ్తే నా ఒళ్లు నా చిన్నపేగు మీదే దాడి చేస్తుందట. పేగు లోపలి నూగు అరిగిపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు. మందేమీ లేదు, జన్మంతా మానేయడమే. అలర్జీ అయితే దద్దుర్లు వస్తాయి, గొంతు పట్టేస్తుంది, పక్కవాళ్లు కంగారు పడతారు. దీంట్లో బయటికి ఏమీ కనిపించదు కాబట్టి ఎవరూ నమ్మరు. పైగా మన వైపు ఈ జబ్బు ఉత్తరాదిలో ఉన్నంత ఉండదు. షుగరు వచ్చినవాళ్లంతా రాత్రిళ్లు అన్నం మానేసి చపాతీ తింటుంటే, చపాతీ మానేసి మూడు పూటలా అన్నం తినే నన్ను మా వీధిలో వింతగా చూస్తారు.

మద్రాసులో నాకేం ఇబ్బంది, ఇడ్లీ దోసెల ఊరు కదా అని మరదలు ధీమా. సెంట్రల్‌లో దిగి ట్రిప్లికేన్ లాడ్జికి ఆటో అడిగితే మూడు కిలోమీటర్లకి 250 అన్నాడు. అక్కడే నా మూడ్ పాడైంది.

మొదటి రోజు సాయంత్రం టీ నగర్‌లో పెద్ద ఏసీ హోటల్‌కి వెళ్లాం. మెనూలో దోసె పక్కన గ్లూటెన్ ఫ్రీ అని ఆకు గుర్తు. ధర 190. పది, అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లు అలర్జీ వివరాలు కూడా చెప్పాలని ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ నిబంధన ఉంది కాబట్టి ఆ ఆకు చూడగానే ప్రాణం లేచొచ్చింది. అయినా అలవాటు కొద్దీ అడిగాను, సాంబారులో ఏ ఇంగువ వేస్తారని. టై కట్టుకున్న కెప్టెన్ జాలిగా నవ్వాడు. "హింగ్ స్పైస్ మేడమ్, వీట్ కాదు." ఆకలి మీద ఉన్నాను, వెనక మనుషులు టేబుల్ కోసం నిలబడి ఉన్నారు, మరదలు "తినొదినా, రాసుంది కదా" అంది. తిన్నాను. తినేశాక చూస్తే, వంటగది అద్దంలోంచి అదే పెనం మీద రవ్వదోసె పోస్తున్నారు. ఆ రవ్వ గోధుమదే.

రాత్రి పొట్ట డోలులా ఉబ్బింది. తెల్లవార్లూ లాడ్జి బాత్రూమ్‌కి కాపలా. సాంబారు చేసిందో, పెనం చేసిందో చెప్పలేను.

పొద్దున కపాలీశ్వరుడి దర్శనం అన్నారు. తిరువల్లిక్కేణి స్టేషన్‌లో రైలెక్కి తిరుమయిలైలో దిగాం. మనిషికి ఐదు రూపాయలు. ఆ ఆటో అతన్ని ఇంకోసారి తిట్టుకున్నాను. దర్శనం అయ్యాక మాడవీధుల వెనక ఒక చిన్న మెస్ కనబడింది. స్టీలు బల్లలు, అరిటాకు ముక్కలు, గోడకి మురుగన్ క్యాలెండరు. నేను కాఫీ ఒక్కటే తాగుతానన్నాను. మా మాటలు విని గల్లా దగ్గరున్న పెద్దాయన తెలుగులోకి దిగారు.

"ఏమ్మా, ఒంట్లో బాగలేదా? మేమూ ఇంట్లో తెలుగే. చదివేది రాసేది మాత్రం రాదు."

గ్లూటెన్ అంటే ఆయనకి తెలియదు. గోధుమ పడదన్నాను.

"గోదుమై ఇక్కడేముండాది? చపాతీ రాత్రికే."

ఇంగువలో ఉంటుందన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "పెరుంగాయంలో గోదుమై ఎందుకుంటాది?" అంటూనే లోపలికి కేకేసి డబ్బా తెప్పించారు. మూత చుట్టూ పిండి పేరుకున్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా. నూనె చేతుల మరకలకి లేబుల్ సగం చెరిగిపోయింది. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని ఆయన తమిళం వైపు చదవడం మొదలుపెట్టారు. నేను ఫోన్ లైటు వేసి ఇంగ్లీషు వైపు చదివాను. ఇద్దరం ఒకేసారి ఆ మాట దగ్గరికి వచ్చాం.

"గోదుమై మావు," అన్నారాయన. గోధుమపిండి. మళ్లీ చదివారు. "అయ్యో. ముప్పై ఏళ్లుగా ఇదే డబ్బా."

అసలు ఇంగువ అంటే ఒక మొక్క వేరు నుంచి కారే పాలలాంటి జిగురు. అఫ్గానిస్తాన్, ఉజ్బెకిస్తాన్ నుంచి వస్తుంది. మన దగ్గర హిమాచల్ లాహౌల్ లోయలో మొక్కలు నాటడం 2020లో కానీ మొదలవలేదు. అచ్చంగా వాడితే ఘాటు తట్టుకోలేం కాబట్టి పిండి, బంక కలిపి అమ్ముతారు. కొందరు బియ్యప్పిండి కలుపుతారు, చాలామంది గోధుమపిండే. డాక్టరు చెప్పాక ఈ సంగతి తెలియడానికి నాకే ఏడాది పట్టింది. ఆయన్ని ఏమనగలను?

ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి మాస్టర్‌ని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. సాంబారు? ఉండాది. రసం? ఉండాది. వడ, పొంగలి, బంగాళాదుంప కూర, కారప్పొడి? ఉండాది, ఉండాది. తాళింపు పడిన పెరుగన్నంలో కూడా ఉండాది. ప్రతి దానికీ ఆయన గొంతు కొంచెం కొంచెం దిగిపోయింది, బళ్లో పాఠం అప్పజెప్పలేని పిల్లాడిలా.

మిగిలింది ఇడ్లీ. మన వైపు ఇడ్లీ రవ్వ అంటే బియ్యపు రవ్వే గానీ, బయట రవ్వ అన్న మాట వింటేనే నాకు భయం. రవ్వ కలుపుతారా అన్నాను. డబ్బా విషయంలో నొచ్చుకోని మనిషి దీనికి నొచ్చుకున్నారు. "రవ్వా? ఉప్పుడు బియ్యమూ మినపప్పూ నానబెట్టి రుబ్బిందమ్మా." కొబ్బరి చట్నీ తాళింపు పడకముందే వేరే గిన్నెలోకి తీయించి, కొత్త గరిటె వేయించారు. నాలుగు ఇడ్లీలు వచ్చాయి. వాటి మీద గుడ్డ నేత గళ్లు గళ్లుగా అచ్చుపడి ఉంది. వేలు పెడితే దిగిపోయేంత మెత్తన. నాలుగిటికి 60 రూపాయలు. రాత్రి నుంచి ఖాళీ పొట్ట మీద ఆ చప్పిడి చట్నీతో తింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, పచ్చిమిరపకాయ వల్లే అని మరదలితో చెప్పాను.

మరదలు మాత్రం తినడం ఆపి ఒంగోలుకి ఫోన్ చేసింది. "ఏవండీ, వంటింట్లో ఇంగువ డబ్బా తీసి వెనకాల ఏం రాసుందో చదవండి." మా తమ్ముడు విసుక్కుంటూ చదివాడు. స్పీకర్‌లో "మైదా" అని వినిపించింది. పండగలకి పబ్బాలకి నేను తినేది వాళ్లింట్లోనే. నేను బాగా తింటానని మరదలు దగ్గరుండి చేసే పులిహోర గుర్తొచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "పెళ్లి వంటవాళ్లకి ఇవాళే చెప్పాలి వదినా," అంది.

మర్నాడు మధ్యాహ్నం మా రైలు. బ్లౌజుల పని మిగిలి ఉన్నా పొద్దున్నే ముగ్గురం మళ్లీ మైలాపూరు వెళ్లాం. మెస్ నిండా జనం. గుమ్మంలో కాలు పెట్టామో లేదో, పెద్దాయన గల్లా దగ్గర నుంచే వంటింట్లోకి కేకేశారు.

"పెరుంగాయం అమ్మ వందుట్టాంగ! చట్నీకి తాళింపు ఆపండ్రా!"

ఇడ్లీ తింటున్న వాళ్లంతా తలలెత్తి చూశారు. పెళ్లికూతురు ఆ రోజు నుంచి నన్ను అత్తా అని పిలవడం మానేసింది.