ఒక్క మేకు లేదు

"ఈ కర్రలెన్నాళ్లు ఆగుతాయి ఫాదర్, స్లాబ్ వేసేద్దాం" అని మా చర్చి పైకప్పు చూపించి ఎవరో అనగానే వడ్రంగి పెదనాన్న నవ్వేశాడు. పూజ అయ్యాక నన్ను నిచ్చెనెక్కించి చూపించాడు.

టేకు స్తంభంలో తొలిచిన గాడిలోకి దూలం కొస దిగింది. అడ్డంగా చెక్క చీల. ఒక్క ఇనుప మేకు లేదు! గాలి కొడితే కాస్త కదిలి సర్దుకుంటుందట. 2018లో తిత్లీ తుపానుకి శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి తోటలే నేలకొరిగాయి. మా చర్చికి పెంకులు ఎగిరాయి, అంతే.

గోడ మీద కట్టించినవాళ్ల పేర్లున్నాయి. చెక్కినవాళ్లవి మాత్రం లేవు, మామూలే కదా.

చెదలు పట్టింది, నిజమే. పాడైన మొదళ్లు కోసి కొత్త టేకు అతికితే చాలంటాడు పెదనాన్న. వచ్చే ఆదివారం మీటింగ్. పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరు మీకెవరైనా తెలుసా?